టెండర్ మాఫీ, లెక్క మాఫీ కాదు

(నెల్లూరు పురమందిరంలో సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు, స్థానిక విలేకరుల ముందు ఖజానా శాఖ విశ్రాంత అధికారి ఒకరు చేసిన ప్రసంగం. చివరి ప్రశ్నలను కొద్దిగా కుదించాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ సెక్రటరీలు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పక్కన ఆడిట్ వాళ్లున్నారని భయమా? ఈ రోజు వాళ్లు కూడా వినడానికే వచ్చారు.

నాకిచ్చిన అంశం అత్యవసర కొనుగోళ్ల నిబంధనలు. పేరు వింటేనే ఆవలింత వస్తుంది, నాకు తెలుసు. కానీ క్యాలెండర్ ఒకసారి చూడండి. రాష్ట్రంలో చాలా జిల్లాలకు నైరుతి వెళ్లిపోగానే వానల గొడవ తీరిపోతుంది. మనకు అప్పుడే మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఏ వాయుగుండం లేచినా నెల్లూరు, ప్రకాశం తీరం వైపు ఒక కన్నేసి పోతుంది. 2015 నవంబరు, 2021 నవంబరు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను. ఈ మూడూ ఈ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ గుర్తే. ఆ రోజుల్లో మీరు కొన్న టార్పాలిన్ పట్టలు, ఇసుక మూటలు, పాల ప్యాకెట్లు, అద్దెకు తెచ్చిన జేసీబీలు, జనరేటర్లు, వీటన్నిటి బిల్లులూ ఏదో ఒక ఫైల్లో ఉన్నాయి. కొన్ని ఫైళ్లు మూతపడ్డాయి. కొన్ని ఇప్పటికీ మిమ్మల్ని రాత్రిళ్లు లేపుతున్నాయి. ఈ రెండో రకం గురించే నేను మాట్లాడతాను.

ముందు మామూలు రోజుల్లో సర్కారు ఎలా కొంటుందో ఒక్క మాట. కేంద్ర ప్రభుత్వానికి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ అని ఒక పుస్తకం ఉంది, 2017లో కొత్తగా రాశారు. మన రాష్ట్రానికి సొంత ఫైనాన్షియల్ కోడ్, ట్రెజరీ కోడ్ ఉన్నాయి. కేంద్రం రూల్స్ మనకు నేరుగా వర్తించవు, కానీ ఆలోచన ఒకటే కాబట్టి ఉదాహరణకు వాటినే తీసుకుంటాను. చిన్న మొత్తమైతే కొటేషన్ లేకుండా కొనొచ్చు. 2017లో ఆ పరిమితి 25 వేలు, తర్వాత పెంచారు. దానిపైన కమిటీ మార్కెట్‌కి వెళ్లి ధర చూసి కొనాలి. ఇంకా పైన పరిమిత టెండరు, అంటే ఎంపిక చేసిన కొద్దిమంది అమ్మకందారులనే పిలిచేది, ఆ పైన బహిరంగ టెండరు. బహిరంగ టెండరు వేస్తే బిడ్లు దాఖలు చేయడానికి మామూలుగా కనీసం మూడు వారాలు ఇవ్వాలి.

ఇక్కడే వస్తుంది చిక్కు. వాతావరణ శాఖ వాళ్లు తుఫాను గురించి మనకిచ్చే వ్యవధి మూడు నాలుగు రోజులు. టెండరుకు మూడు వారాలు. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలిన ఆ 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, కోవూరు దగ్గర హైవే తెగింది. ఆ రాత్రి ఎవరైనా ‘షార్ట్ టెండర్ నోటీసు పేపర్లో వేయించండి’ అంటే వాడిని పెన్నాలోకి తోసేసేవాళ్లు. కాబట్టి మినహాయింపు ఉండాల్సిందే. అది అధికారుల మీద దయతో ఇచ్చింది కాదు. నీళ్లలో ఉన్న మనిషి కోసం ఇచ్చింది.

ఆ మినహాయింపు ఎక్కడుంది? 2004 డిసెంబరు 26న సునామీ మన తీరాన్ని కూడా కొట్టింది. ఏడాది తిరిగేలోపే, 2005 డిసెంబరులో, విపత్తుల నిర్వహణ చట్టం వచ్చింది. అందులో 50వ సెక్షన్ అంతా కలిపి పది పన్నెండు లైన్లే. ఇంటికెళ్లి చదవండి, తెలుగు అనువాదం దొరకకపోతే ఎవరైనా లాయరు పిల్లవాడి చేత చదివించుకోండి. అందులో ఏముందో నా మాటల్లో చెప్తాను. విపత్తు వచ్చినా, ముంచుకొస్తున్నా, రక్షణకు గానీ సహాయానికి గానీ వెంటనే సరుకులు కొనక తప్పదని జాతీయ, రాష్ట్ర లేదా జిల్లా విపత్తుల అథారిటీ నమ్మితే, ఫలానా శాఖ కొనొచ్చని అనుమతి ఇవ్వొచ్చు. అప్పుడు టెండర్ పిలవాలన్న మామూలు పద్ధతి మాఫీ అయినట్టే లెక్క. రెండో భాగం: ఆ సరుకు వాడామని, అథారిటీ అధికారమిచ్చిన కంట్రోలింగ్ ఆఫీసర్ సర్టిఫికెట్ ఇస్తే, లెక్కల్లో దాన్నే చెల్లుబాటయ్యే ఓచరుగా తీసుకోవాలి.

ఇంతే. ఈ పది పన్నెండు లైన్లను మనవాళ్లు ఎంత సాగదీశారంటే, దాని కింద చెరువు కట్టలు కట్టారు, రోడ్లు వేశారు, ఆఫీసుకు ఫర్నిచర్ కూడా కొన్నారు. అందుకే దాన్ని కొంచెం నెమ్మదిగా విప్పి చూద్దాం.

మొదటిది, నమ్మాల్సింది ఎవరు? జిల్లా అథారిటీ. దానికి అధ్యక్షుడు కలెక్టరు, సహాధ్యక్షులుగా జిల్లా పరిషత్ చైర్‌పర్సన్. తహసీల్దారు కాదు, ఎంపీడీవో కాదు, సర్పంచి కాదు. మీ ఊళ్లో నీళ్లొచ్చాయి కాబట్టి మీకు మీరే 50వ సెక్షన్ వాడుకోలేరు. పైనుంచి అనుమతి రావాలి, అది ఏ శాఖకు, దేనికోసమో రాతలో ఉండాలి.

రెండోది, దేనికోసం? రక్షణ, సహాయం. ఆ రెండే. గండి పడిన రాత్రి ఇసుక మూటలు వేయడం రక్షణ. నీళ్లు తీసిన నెల తర్వాత అదే గండి దగ్గర కాంక్రీటు గోడ కట్టడం రక్షణ కాదు, నిర్మాణం. దానికి అంచనా, సాంకేతిక మంజూరు, టెండరు అన్నీ కావాలి. నా అనుభవంలో ఎక్కువ తగాదాలు పుట్టేది ఈ గీత దగ్గరే. వరద రాత్రి మొదలైన ‘అర్జంట్’ అనే మాట ఫిబ్రవరి దాకా ఫైళ్ల మీద నడుస్తూనే ఉంటుంది. చలికాలం పోతుంది గానీ అర్జంట్ పోదు. అప్పుడు పనులన్నీ నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా తాము ఎంచుకున్నవాడికి, ఇచ్చేస్తారు. నామినేషన్‌కు పరిమితి ఎంత ఉంటే, ప్రతి అంచనా సరిగ్గా దానికి ఒక వెయ్యి రూపాయలు తక్కువ వస్తుంది. ఒకే కాలువ, ఒకే కట్ట, పదకొండు ముక్కలు. మన ఇంజనీర్ల చేతికి అంత కచ్చితంగా కొలిచే శక్తి ఎలా వచ్చిందో! (నవ్వులు) కొనుగోళ్లను అలా ముక్కలు చేయకూడదని కేంద్ర నిబంధనల్లో విడిగానే రాసి ఉంది.

మూడోది, అసలు మాఫీ అయ్యేది ఏమిటి? టెండరు. మళ్లీ చెప్తున్నాను, టెండరు మాత్రమే. ధర సరైందో కాదో చూసుకోవడం మాఫీ కాలేదు. సరుకు లెక్కపెట్టుకోవడం మాఫీ కాలేదు. ఎవరికిచ్చారో రాసుకోవడం మాఫీ కాలేదు. ఆ సర్టిఫికెట్ మీద సంతకం చేసే ఆఫీసరు గారు, మామూలు రోజుల్లో టెండర్ కమిటీ, ఆడిట్, మూడు కొటేషన్లు కలిసి మోసే బరువంతా తన ఒక్క పెన్నుతో మోస్తున్నారు. అందుకే అదే చట్టంలో కొంచెం ముందుకు పోతే 53వ సెక్షన్ ఉంది. విపత్తు సాయానికి ఉద్దేశించిన డబ్బో సరుకో సొంతానికి వాడుకుంటే రెండేళ్ల దాకా జైలు, జరిమానా.

భయపెట్టానా? ఇంకో వైపు కూడా చెప్పాలి. చట్టంలో 56వ సెక్షన్ ఉంది. విపత్తు వేళ అప్పగించిన విధి చేయనని తప్పుకున్న ఆఫీసరుకు ఏడాది దాకా శిక్ష. అంటే ఆడిట్‌కు భయపడి కొనకుండా కూర్చోవడం కూడా నేరం కావచ్చు. 73వ సెక్షన్ ఏమో సదుద్దేశంతో చేసిన పనికి కేసుల నుంచి రక్షణ ఇస్తుంది. ఈ మూడింటినీ కలిపి చదవండి. కొను, ఎక్కువ ధర పడినా కొను, తర్వాత తప్పని తేలినా నీకు రక్షణ ఉంది, కానీ జేబులో వేసుకుంటే జైలు. ఇంత స్పష్టంగా ఉన్న చట్టాలు మనకు ఎక్కువ లేవు.

మా ఖజానా వాళ్ల సంగతి కొంచెం చెప్పనివ్వండి, లేకపోతే మా పాత మిత్రులు ఊరుకోరు. తుఫాను వచ్చిన ప్రతిసారీ పేపర్లో ‘టీఆర్-27 కింద నిధులు డ్రా’ అని వస్తుంది చూడండి. అది ట్రెజరీ కోడ్‌లో 27వ రూలు. మామూలుగా బడ్జెట్ విడుదల, మంజూరు, బిల్లు, టోకెన్ ఇవన్నీ లేనిదే ఖజానా నుంచి పైసా కదలదు. అత్యవసరమైతే కలెక్టరు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చి, ఆ రూల్స్‌తో పని లేకుండా చెల్లించమని ట్రెజరీ అధికారిని ఆదేశించవచ్చు. చాలామంది ఇక్కడిదాకానే చదువుతారు. రూలు అక్కడ ఆగలేదు. ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో ఆ పరిస్థితుల వివరాన్ని, ఉత్తర్వు కాపీని వెంటనే అకౌంటెంట్ జనరల్‌కు పంపాలి. అంటే తలుపు తెరిచే అధికారం కలెక్టరుకు ఉంది, తెరిచిన మరుక్షణం ఎందుకు తెరిచానో పైవాళ్లకు చెప్పే బాధ్యత కూడా ఆయనదే. ఇక అడ్వాన్సుగా తీసిన డబ్బుకు ముందు ఏసీ (అబ్‌స్ట్రాక్ట్ కంటింజెంట్) బిల్లు పెడతాం, ఖర్చయ్యాక వివరాలతో డీసీ (డిటైల్డ్ కంటింజెంట్) బిల్లు పెట్టాలి. గడువులోపు డీసీ బిల్లులు పెట్టడం లేదని కాగ్ వాళ్లు ఎన్ని రిపోర్టుల్లో రాశారో లెక్క లేదు. డబ్బు తీసేటప్పుడు ఉన్న తొందరలో పదోవంతు కూడా లెక్క చెప్పేటప్పుడు ఉండదు మనకు.

ఖజానా అంటే గుర్తొచ్చింది, బీహార్ దాణా కుంభకోణం. పశువులను, దాణాను లారీల్లో తరలించామని బిల్లులు పెట్టారు. ఆ నంబర్లు రవాణా శాఖ రికార్డుల్లో చూస్తే అందులో స్కూటర్లు కూడా ఉన్నాయి. నవ్వుతున్నారు, కానీ అది కనిపెట్టగలిగింది బిల్లు మీద బండి నంబరు రాసి ఉంది కాబట్టే. వరద పనుల్లో మన దగ్గర వచ్చే ఓచర్లు కొన్నిటి మీద ఆ నంబరు కూడా ఉండదు. ‘ట్రాక్టర్ కిరాయి’ అని ఉంటుంది, అంతే. దొంగ స్కూటరును పట్టుకునే వీలు కూడా లేదు.

మంచి ఫైలు ఎలా ఉంటుందో చెప్పమని నిర్వాహకులు అడిగారు. ఊహకి ఒక ఊరు అనుకుందాం, పెన్నా ఒడ్డున. రాత్రి ఎనిమిదింటికి ఆరు వందల కుటుంబాలను హైస్కూలుకు చేర్చారు. పట్టలు కావాలి. కలెక్టరాఫీసు నుంచి కొనమని మెసేజ్ వచ్చింది. ఆఫీసరు స్టోన్‌హౌస్‌పేటలో మూడు హోల్‌సేల్ షాపులకు ఫోన్ చేశాడు. ఒకాయన ధర తక్కువ చెప్పాడు, కానీ సరుకు రేపు మధ్యాహ్నం. రెండో ఆయన పట్టకు అరవై రూపాయలు ఎక్కువ, రెండు గంటల్లో లారీ ఎక్కిస్తానన్నాడు. మూడో ఆయన ఫోన్ ఎత్తలేదు. ఆఫీసరు రెండో ఆయన దగ్గర కొన్నాడు. చేతిలో ఉన్న డైరీలో నాలుగు లైన్లు రాశాడు: ఎనిమిదీ పదికి ఫలానా, ఎనిమిదీ ఇరవైకి ఫలానా, ఫోన్ ఎత్తని షాపు, తడుస్తున్న జనం ఉన్నారు కాబట్టి ఎక్కువ ధరకైనా కొన్నాను. లారీ నంబరు రాశాడు, దించిన పట్టలు లెక్కపెట్టించి ఊళ్లో ఇద్దరి చేత సంతకం చేయించాడు. పంచిన జాబితాలో వేలిముద్రలున్నాయి. నలభై పట్టలు మిగిలాయి, వాటిని స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించాడు.

తక్కువ ధర వదిలేసి ఎక్కువ ధరకు కొన్న ఆ ఫైలును ఏ ఆడిటరూ పట్టుకోలేడు. నేనైతే దండం పెడతాను. మిగిలిన నలభై పట్టల గురించి రాసిన ఆ ఒక్క లైను ఉంది చూడండి, నిజాయితీ అక్కడ కనిపిస్తుంది. లేని సరుకు కొన్నవాడి లెక్కలో ఎప్పుడూ ఏమీ మిగలదు. ఆరు వందలు కొన్నాం, ఆరు వందలు పంచాం, జాబితా అంతా ఒకే చేతిరాత, ఒకే సిరా.

ఇప్పుడు ధర గురించి. తొందరలో కొంటే ధర ఎక్కువే పడుతుంది, ఎవరూ కాదనరు. కరోనా మొదటి నెలలు గుర్తు చేసుకోండి. 2020 ఏప్రిల్‌లో మన రాష్ట్రం దక్షిణ కొరియా కంపెనీ నుంచి లక్ష ర్యాపిడ్ టెస్ట్ కిట్లు తెప్పించింది, ఒక్కోటి 730 రూపాయలు. కొద్ది రోజులకే ఛత్తీస్‌గఢ్ అలాంటి కిట్లే 337 రూపాయలకు, జీఎస్టీ అదనం, కొంటున్నట్టు బయటికొచ్చింది. పెద్ద రచ్చ అయింది. అప్పుడు ప్రభుత్వం చెప్పిన జవాబు ఒప్పందంలోని ఒక షరతు: దేశంలో ఇంకెవరికైనా ఇంతకన్నా తక్కువకు అమ్మితే మేమూ ఆ తక్కువ ధరే ఇస్తాం. రాజకీయాలు పక్కన పెట్టండి, అది ఎవరి ప్రభుత్వమైనా సరే. నాకు అందులో నచ్చింది ఆ షరతు. ధర తెలియని మార్కెట్లో, ఆగే టైం లేనప్పుడు, కొనేవాడికి ఉన్న ఆయుధం అదొక్కటే. పంచాయతీ స్థాయిలో కూడా అది రాయొచ్చు. ‘ఇదే వారంలో ఇదే సరుకు జిల్లాలో ఇంకో సర్కారు ఆఫీసుకు తక్కువకు ఇస్తే ఆ తేడా తగ్గించుకుంటాం’ అని ఒక్క వాక్యం. అది రాసిన మరుక్షణం షాపాయన చెప్పే ధర మారడం నేను కళ్లారా చూశాను.

వాహనాల విషయంలో ఇంకా మంచి దారి ఉంది, ఎవరూ వాడరు. అదే చట్టం 65వ సెక్షన్ కింద జిల్లా అథారిటీ వాహనాలను, భవనాలను, సరుకులను స్వాధీనం చేసుకోవచ్చు. తర్వాత 66 కింద పరిహారం ఇవ్వాలి. వాహనానికైతే ఆ ప్రాంతంలో మామూలుగా నడిచే కిరాయి ఎంతో దాని లెక్కన. అంటే గండి దగ్గర జేసీబీ యజమాని ‘గంటకు ఇంతిస్తేనే కదుల్తా’ అని బిగుసుకుంటే బేరమాడుతూ నిలబడాల్సిన అవసరం లేదు. కాకపోతే ఊళ్లో రేపు కూడా ఆయన మొహం చూడాలి కదా, అందుకని మనవాళ్లు ఆ సెక్షన్ జోలికి పోరు. అది కూడా అర్థం చేసుకోగలను.

అయితే అయ్యా, అసలు నేను ఇంత దూరం వచ్చింది వేరే మాట చెప్పడానికి. మనం అత్యవసరం అని పేరు పెట్టి కొంటున్న వాటిలో చాలా వరకు అత్యవసరాలు కావు. అవి చెప్పి వచ్చేవి.

కేంద్ర నిబంధనల్లో 162వ రూలులో ఒక చక్కని షరతు ఉంది. మామూలు పరిమితి దాటినా తొందర వల్ల బహిరంగ టెండరు లేకుండా కొనాలంటే, ఆ తొందర ఎలాంటిదో రాయాలి, దానివల్ల పడే అదనపు ఖర్చు సబబేనని ధ్రువీకరించాలి. ఇంకా, ఈ అవసరాన్ని ముందే ఎందుకు ఊహించలేకపోయారో కూడా రికార్డు చేయాలి. ఈ చివరి ముక్క నాకు చాలా ఇష్టం. అమెరికా వాళ్ల కొనుగోలు నిబంధనల్లో కూడా ముందుగా ప్లాన్ చేసుకోకపోవడం పోటీ లేకుండా కొనడానికి కారణం కాదని సూటిగా రాసుకున్నారు.

ఇప్పుడు ఈ ముక్క పట్టుకుని పాత ప్రకాశం జిల్లా పడమటి వైపుకు పోదాం. కనిగిరి, మార్కాపురం, యర్రగొండపాలెం వైపు. అక్కడ వేసవిలో తాగునీళ్లు ట్యాంకర్లలోనే వస్తాయి. కొన్ని ఊళ్లలో భూగర్భ జలంలో ఫ్లోరైడ్, కొన్ని ఊళ్లలో బోర్లే ఎండిపోతాయి. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఎదురు చూసీ చూసీ ఒక తరం ముసలిదైపోయింది. మార్చి ఆఖరుకు గొంతెండుతుంది. అప్పుడు ఫైలు కదులుతుంది: ‘తీవ్ర నీటి ఎద్దడి దృష్ట్యా, అత్యవసరంగా, నామినేషన్ మీద ట్యాంకర్లు.’ ఆ ఫైల్లో 162వ రూలు అడిగినట్టు కారణం రాయమంటే ఏం రాస్తారు? ‘మే నెలలో ఎండలు కాస్తాయని ఊహించలేకపోయాం’ అని రాసి కింద సంతకం పెట్టే ఇంజనీరు ఎవరైనా ఉంటే నాకు చూపించండి. దాహం అత్యవసరమే. ఆ మనిషికి ఆ పూటే నీళ్లు కావాలి. కానీ కొనుగోలు అత్యవసరం కాదు. డిసెంబరులో టెండరు పిలిస్తే, ట్రిప్పుకు ఇంత, కిలోమీటరుకు ఇంత అని పోటీలో ధర తేలుతుంది, జీపీఎస్ షరతు పెట్టొచ్చు, ఏ ఊరికి ఎన్ని ట్రిప్పులో గ్రామసభలో చదవొచ్చు. మార్చి దాకా ఆగితే ధర చెప్పేది ట్యాంకరు యజమాని, ట్రిప్పులు లెక్కపెట్టేది కూడా ఆయనే.

గుండ్లకమ్మ సంగతీ అంతే. మల్లవరం దగ్గర ప్రాజెక్టుకు 2022లో ఒక గేటు పోయింది. బంగారం లాంటి నీళ్లు సముద్రంలో కలిశాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ వానలకు ఇంకో గేటు కొట్టుకుపోయింది. రెండో గేటు పోయిన రాత్రి స్టాప్‌లాగ్‌లు (గేటు బదులు నీళ్లకు అడ్డంగా దించే పలకలు), క్రేన్లు, డైవర్లు ఎంత ధరకైనా తెప్పించాల్సిందే, దానిలో తప్పు పట్టడానికి లేదు. మొదటి గేటు పోయిన రోజుకీ రెండోది పోయిన రోజుకీ మధ్య ఏడాదికి పైగా వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో జరగాల్సిన కొనుగోలుకు అత్యవసరం అనే పేరు పెట్టడానికి నా మనసొప్పదు. పెయింటు, గ్రీజు, రబ్బరు సీలు, ఇనుప తాళ్లు, ఇవి ఏ నిబంధనల పుస్తకంలోనూ అర్జంట్ సరుకులు కావు.

మరి ఏం చేయాలి అంటారు. రేట్ కాంట్రాక్టు. ఆగస్టులో, ఆకాశం తెల్లగా ఉన్నప్పుడు, జిల్లా మొత్తానికి ఒకసారి టెండరు పిలవండి. పట్టలు, ఇసుక బస్తాలు, జనరేటరు కిరాయి, జేసీబీ గంట కిరాయి, పడవలు, భోజనం పొట్లాలు, వాటర్ ప్యాకెట్లు. ఇంత సరుకు కొంటామని మాట ఇవ్వక్కర్లేదు. ధర మాత్రం కట్టేసుకోండి. కావాలన్న రోజు ఎన్ని గంటల్లో తెచ్చి దించాలో రాసుకోండి. పెళ్లి పెట్టుకున్నవాడు నెల ముందే వంటాయనతో విస్తరికి ఇంత అని మాట్లాడుకుంటాడు గానీ, పీటల మీద కూర్చున్నాక పొయ్యి దగ్గరికెళ్లి బేరమాడడు కదా. తుఫాను రాకపోతే? రాకపోతే ఆ కాగితం బీరువాలో పడి ఉంటుంది, పైసా ఖర్చు లేదు. ఇప్పుడు కొన్ని జిల్లాల్లో ఇది నడుస్తోంది, కానీ సరుకుల జాబితాలు పాతవి. డ్రోన్ ఉండదు, చెట్లు కోసే మోటారు రంపం ఉండదు, పశువుల దాణా అసలే ఉండదు.

ఇంకో రెండు నిమిషాల్లో ముగిస్తాను. కోర్టుల మాట కూడా చెప్పాలి. 2006లో సుప్రీంకోర్టు మీరట్ నగర నిగమ్ కేసులో చెప్పింది, ప్రభుత్వ కాంట్రాక్టు మామూలుగా బహిరంగంగానే ఇవ్వాలి, లేకపోతే రాజ్యాంగం 14వ అధికరణంలోని సమానత్వానికి దెబ్బ. ప్రకృతి వైపరీత్యాలు, ప్రభుత్వం ప్రకటించిన అత్యవసర పరిస్థితులు లాంటి అరుదైన వేళల్లో మాత్రం మినహాయింపు. మరుసటి ఏడాది కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఆ తీర్పును చూపించే అన్ని శాఖలకూ సర్క్యులర్ పంపింది. ఇంగ్లండులో కరోనా వేళ పీపీఈ కిట్ల కొనుగోలులో మంత్రులు, ఎంపీలు సిఫారసు చేసిన కంపెనీలకు వేరే వరుస పెట్టారు. 2022 జనవరిలో అక్కడి హైకోర్టు ఆ వరుస చట్టవిరుద్ధమని చెప్పింది. సిఫారసు వరుస మనం కనిపెట్టిందే అనుకున్నా ఇన్నాళ్లు, దొరలకూ ఉందని అప్పుడు తెలిసింది. (నవ్వులు)

సరే, ప్రశ్నలు అడగండి.

ప్రశ్న (ఒక పంచాయతీ కార్యదర్శి): సార్, ఆ రాత్రి పైనుంచి ఫోన్లోనే చెప్తారు. ‘కొనెయ్, తర్వాత చూద్దాం’ అంటారు. తర్వాత కాగితం అడిగితే ఎవరూ ఇవ్వరు. మేమేం చేయాలి?

మంచి ప్రశ్న, అందరి బాధా ఇదే. ఫోన్ పెట్టేసిన వెంటనే మీరే వాట్సాప్‌లో వాళ్లకు రాయండి. ‘మేడమ్, ఇప్పుడు మీరు ఫోన్లో చెప్పినట్టు రెండు వందల భోజనం పొట్లాలు తెప్పిస్తున్నాను, అంచనా ఖర్చు ఇంత’ అని. అవతల రెండు టిక్కులు నీలం అయితే చాలు, కాదంటే అప్పుడే కాదంటారు. దాన్ని ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి. మూడు రోజుల్లోపు ఆమోదం కోరుతూ లెటరు పెట్టి, దానికి తపాలా నంబరు వేయించుకోండి. ఆమోదం రాకపోయినా మీరు అడిగిన తేదీ ఉంటుంది. మీ నోట్ ఫైల్లో ‘పై అధికారుల మౌఖిక ఆదేశాల మేరకు’ అని గాలిలో రాయొద్దు. ఏ అధికారి, ఎన్ని గంటలకు, ఏం చెప్పారు, అది రాయండి.

ప్రశ్న (విలేకరి): ఈ కొనుగోళ్ల వివరాలు ఆర్టీఐలో అడిగితే ఇవ్వాలా?

ఇవ్వాలి. అసలు అడగకముందే చెప్పాల్సింది. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ స్వచ్ఛందంగా వెల్లడించమంటుంది. అమెరికాలో పోటీ లేకుండా అత్యవసరంగా కాంట్రాక్టు ఇస్తే, ఎందుకిచ్చారో ఆ కారణపత్రాన్ని 30 రోజుల్లోపు జనం చూసేలా పెట్టాలన్న నియమం పెట్టుకున్నారు. మనకు అలాంటి గడువు ఉంటే బాగుండు. అప్పటిదాకా ఊళ్లో సచివాలయం నోటీసు బోర్డు ఉంది కదా. ఏం కొన్నాం, ఎవరి దగ్గర, ఎంతకు, ఈ మూడూ అక్కడ అతికించడానికి జీవో అక్కర్లేదు.

ప్రశ్న (ఒక సర్పంచి): సార్, బిల్లుల సంగతి చెప్పండి. తుఫానులో ట్రాక్టర్లు పెట్టినోళ్లకి రెండేళ్లయినా డబ్బులు రాలేదు. రోజూ మా ఇంటి ముందుకొచ్చి కూర్చుంటున్నారు.

దీనికి నా దగ్గర తీపి జవాబు లేదన్నా. కానీ మీరు అడిగింది ధర గురించిన ప్రశ్నే. రెండేళ్లకు గానీ డబ్బు రాదని తెలిసినవాడు వచ్చే తుఫానులో ఆ రెండేళ్ల వడ్డీ కలిపే కిరాయి చెప్తాడు. మంచివాడు అసలు రాడు. అప్పుడు మనం ‘దోచుకుంటున్నారు’ అంటాం. జిల్లాలో అత్యవసర బిల్లులకు వరుస తప్పించి ముందు చెల్లించే పద్ధతి పెడితే, వచ్చే ఏడు ధరలు వాటంతటవే దిగుతాయి. మీరు చేయగలిగింది ఒకటే, బిల్లు మీ దగ్గర ఆగకూడదు. ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) రికార్డు, సర్టిఫికెట్, ఫొటోలు అన్నీ పెట్టి నెలలోపు పైకి పంపేయండి. లోపం ఉందని వెనక్కి తిరిగొచ్చిన బిల్లుకు ఎప్పటికీ మోక్షం ఉండదు.

ప్రశ్న (తీర మండలం నుంచి ఒక మహిళా సర్పంచి): కరెంటు పోయి ఊరంతా చీకటి. చిల్లర కొట్టు ఆయన దగ్గర బిల్లు పుస్తకం కూడా ఉండదు. పాలు, రొట్టెలు, కొవ్వొత్తులు తీసుకుంటాం. జీఎస్టీ బిల్లు ఎక్కడి నుంచి తేవాలి?

తేవొద్దమ్మా. అక్కడే మనవాళ్లు తప్పుదారి పడతారు. నెల తర్వాత టౌన్‌కి వెళ్లి, సంబంధం లేని షాపులో బిల్లు రాయించి పెడతారు. సరుకు నిజం, బిల్లు అబద్ధం. చివరికి ఆ అబద్ధపు బిల్లే మిమ్మల్ని పట్టిస్తుంది. తెల్లకాగితం మీద కొట్టు ఆయన చేత రాయించండి: ఏ తేదీ, ఏ సరుకు, ఎంత, ఎన్ని రూపాయలు, ఆయన సంతకం, ఫోన్ నంబరు. పక్కన ఇద్దరు సాక్షులు. కింద మీ సెక్రటరీ ‘ఆ రాత్రి బిల్లు దొరికే పరిస్థితి లేదు, సరుకు నా ఎదుట తీసుకున్నాం’ అని ధ్రువీకరించి, జిల్లా అథారిటీ అధికారమిచ్చిన కంట్రోలింగ్ ఆఫీసరు చేత కౌంటర్ సంతకం చేయించాలి. 50వ సెక్షన్ సర్టిఫికెట్ ఉన్నది ఇలాంటి వాటి కోసమే. చిన్న మొత్తాలకు ఇది సరిపోతుంది.

మీది తీర మండలం అన్నారు కదా. ఒక పని చేయండి. రేపు ఎంపీడీవో గారి దగ్గరికి వెళ్లి, ఈ ఏడు జనరేటర్లకు, పడవలకు రేట్ కాంట్రాక్టు అయిందా, ఎవరితో అయింది, ఆ మనిషి ఫోన్ నంబరు ఏంటి అని అడగండి. కాలేదంటే ఆ సంగతి రాసివ్వమనండి.